కమాండర్‌కు బోనం

సోమేశ్వరరావు రెండేళ్లుగా రోజూ పొద్దున్నే మూడు ప్రదక్షిణలు చేస్తున్న అమ్మవారు అసలు అమ్మవారే కాదని ఆయనకు ఒక డిసెంబరు ఉదయం తెలిసింది. తెలిసేటప్పటికే చీర కట్టేశాడు.

తప్పంతా ఆయనదే అనడానికి లేదు. ఖాజాగూడలో రాక్ వ్యూ టవర్స్ రెండో గేటు పక్కన, ప్రహరీకి నాలుగడుగుల అవతల, నడుమెత్తు రాయి ఒకటుంది. ఒళ్లంతా ఎర్రరంగు. ఆ రంగు మీద పసుపు, కుంకుమబొట్లు, పక్కన గుచ్చిన వేపరెమ్మ. కింద ఎప్పుడో చెక్కిన కొడవలి, పసుపు పట్టి సగమే కనబడుతుంది. భీమవరం పక్క పల్లెలో పుట్టి, నీటిపారుదల శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరైన మనిషికి ఇంతకన్నా ఏం సాక్ష్యం కావాలి? కొత్త ఊళ్లో పాలు పొంగించకముందే ఆ ఊరి అమ్మవారికి దణ్ణం పెట్టుకోవాలని వాళ్లమ్మ నేర్పింది. కొడవలిని చూసి అమ్మవారి చేతి ఆయుధమనుకున్నాడు. గేటు దగ్గర పూలమ్మే రాజమ్మను ఒకసారి అడిగాడు కూడా.

"ఈ అమ్మవారి పేరేంటమ్మా?"

రాజమ్మకు డెబ్బై అయిదేళ్లుంటాయి. మూర వేస్తున్న చెయ్యి ఆపకుండా, "పోచమ్మనే అనుకో సారూ" అంది.

అనుకోమంటే అనుకున్నాడు.

ఆ ఏడు ఆయన భార్య భ్రమరాంబకు రొమ్ములో గడ్డ కనబడింది. ముక్క తీసి పరీక్షకు పంపిన నాలుగు రోజులూ ఆయన ఆ రాతి ముందు నిలబడి, మంచి కబురు వస్తే పట్టుచీర పెడతాను తల్లీ, వెండికళ్లు చేయిస్తాను అని మొక్కుకున్నాడు. మంచి కబురే వచ్చింది. కూకట్‌పల్లిలో చీర కొని, కంసాలి చేత కళ్లు చేయించి, ఒక మంగళవారం దంపతులిద్దరూ తలస్నానాలు చేసి వచ్చి, రాతికి ఆకుపచ్చ చీర చుట్టి, కుచ్చిళ్లు సర్ది, కళ్లు లక్కతో అంటించారు. భ్రమరాంబ నాలుగడుగులు వెనక్కి వేసి చూసి, "ఎంత కళ వచ్చిందండీ" అంది.

మర్నాడు పొద్దున సోమేశ్వరరావు రెండో ప్రదక్షిణలో ఉండగా ఓంకార్ వచ్చాడు. ఎవరో ఏమిటో అప్పటికి ఈయనకు తెలియదు. డెబ్బై దాటిన మనిషి, ఉతికి ఉతికి పలచబడ్డ లాల్చీ, భుజాన సంచి, చేతిలో బకెట్టు, చంకలో మడిచిన ఎర్రజెండా. రాయిని చూసి బకెట్టు కింద పెట్టాడు.

"ఎవరు సార్, ఈ పని చేసింది?"

"మేమేనండి" అన్నాడు సోమేశ్వరరావు, కాస్త గర్వంగానే. "మొక్కు."

"ఎవరికి?"

"పోచమ్మ తల్లికి."

"ఈయన పేరు బుచ్చిరాములు" అన్నాడు ఓంకార్. "దళ కమాండర్. నిజాం మీద, దొరల మీద తుపాకి పట్టినోడు. యూనియన్ సైన్యం వచ్చినంక గూడ దించలె. యాభైల గీ గుట్టలల్లనే గాయాలతోని పాణం ఇడిసిండు. ఇయ్యాల వర్ధంతి. బోరబండ నుంచి ఏటేటా వచ్చి కుంకుమ కడుగుత, జెండా కడుత. ఇన్నేండ్లల్ల చీర ఎన్నడు చూడలె."

నిరుడు ఇదే రోజున సోమేశ్వరరావు దంపతులు కాశీలో ఉన్నారు. లేకపోతే ఈ మాట అప్పుడే తెలిసేది.

"దేవుడంటే ఆయనకు నమ్మకం ఉండేదాండీ?" అన్నాడు సోమేశ్వరరావు. ఏదో ఒకటి కలవకపోతుందా అని ఆశ.

"దేవుడు లేడని ఊరూర మీటింగ్ పెట్టి చెప్పినోడు సార్."

ఓంకార్ కొంగు అందుకోబోతే భ్రమరాంబ అడ్డం వచ్చింది. "పెట్టిన చీర మధ్యలో విప్పకూడదండీ. తొమ్మిది రోజులుండాలి."

"అమ్మా, ఆయన మగమనిషి."

"అయితే ఏం? అర్ధనారీశ్వరుడు మగవాడు కాదా?"

చివరికి చీర చీరలాగే ఉంది, జెండా దాని మీద నుంచి కట్టారు. ఆ రోజంతా కమాండర్ బుచ్చిరాములు ఆకుపచ్చ పట్టుచీరలో, వెండికళ్లతో, నెత్తిన ఎర్రజెండాతో నిలబడ్డాడు. ఆఫీసు బస్సు కోసం ఆగిన పిల్లలు ఇద్దరు ముగ్గురు వచ్చి ఫోటో దిగి, దణ్ణం పెట్టుకుని వెళ్లారు.

సోమేశ్వరరావు తిన్నగా రాజమ్మ దగ్గరికి వెళ్లాడు.

"నువ్వయినా చెప్పలేదేమమ్మా?"

"ఏమని చెప్పాలె సారూ? దండం పెడుతుంటే వద్దంటనా? మా అయ్యకు ఇంకెవ్వరు పెడుతున్నరు?"

"మీ అయ్యా?"

"ఆ. నేను ఏడాది పిల్లప్పుడు పోయిండు. గా రాయి కిందనే ఉన్నడు."

ఆ రాత్రి ఆయనకు భోజనం సయించలేదు. మొక్కు ఎవరు విన్నట్టు? తాను తల్లీ అని పిలిచింది ఒక తుపాకి మనిషిని. కూకట్‌పల్లి గుళ్లో అర్చకుడికి ఫోన్ చేస్తే, "సంకల్పం మంచిదైతే చేరవలసిన చోటికే చేరుతుందండీ" అన్నాడు. సోమేశ్వరరావు ముప్పై మూడేళ్లు గవర్నమెంటులో పనిచేశాడు. తప్పు చిరునామా రాసిన కాగితం చేరవలసిన చోటికి చేరడం ఎన్నడూ చూడలేదు. అయినా భ్రమరాంబ ఎదురుగా కూర్చుని చారు పోస్తోంది. కబురైతే వచ్చింది కదా.

ఇది ఇంతటితో తేలిపోయేదే. కానీ సంక్రాంతి వెళ్లిన వారానికి రోడ్డు వెడల్పు చేసే ఇంజనీరు వచ్చాడు. రాక్ వ్యూ టవర్స్ సంఘానికి సోమేశ్వరరావే కార్యదర్శి. అర్జీలు బాగా రాస్తాడని ఆయనకు ఆ పదవి అంటగట్టారు. ఇంజనీరు ఆయన చేతిలో ఒక కాగితం పెట్టి, ఎర్రరాయి వైపు పెన్నుతో చూపించాడు.

"రోడ్డు గీత దాని మీదుగా పోతుందండీ. అది ఏమిటో మీరు రాసివ్వాలి. ప్రార్థనా స్థలమైతే మేం ముట్టుకోం, రోడ్డు అవతలి ఖాళీ జాగా వైపు తిప్పుతాం. స్మారకమో మరోటో అయితే తవ్వేసి వెళ్లిపోతాం. రాయి కావాలంటే ఎవరికైనా ఇచ్చేస్తాం. సోమవారం లోపు ఇవ్వండి."

కాగితంలో మూడు గడులున్నాయి. ప్రార్థనా స్థలం, స్మారకం, ఇతరం. ఇంత చిన్న గడికి ఎంత బలముంటుందో సోమేశ్వరరావుకు తెలుసు. ఉద్యోగంలో ఉండగా ఒక గడిలో టిక్కు తప్పుగా పెట్టి ఒక ఊరికి కాలవే లేకుండా చేసిన వాళ్లను చూశాడు.

ఆదివారం క్లబ్‌హౌసులో మీటింగ్ పెట్టారు. అధ్యక్షుడు విశ్వేశ్వరరావు. తాతలు కోటలాంటి గడిలో చేసిన దొరతనం పోయినా, అది గొంతులో మిగిలిన మనిషి. రెండో టవర్‌లో మూడు ఫ్లాట్లు ఆయనవే.

"బుచ్చిరాములు అంటే నాకు చెప్పకుండ్రి" అన్నాడు. "మా తాత గడిల పడ్డది వాని దళమే. ధాన్యం కొట్లు పగలగొట్టిండు, పత్రాలు కుప్పేసి కాలవెట్టిండు. మా తాతను ఒంటి పంచె మీద నిలబెట్టిండు. వాడు కమాండర్ ఏంది? బందిపోటు."

"అంకుల్, నేను చదివాను, ఆయన ఫ్రీడమ్ ఫైటర్" అన్నాడు మొదటి టవర్ రోహిత్. గ్లాసు బిల్డింగుల సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఒకదానిలో టీమ్ లీడ్. "నిజాం మీద ఫైట్ చేశాడంటే మనవాడే కదా. బొట్టు కూడా ఉంది."

"బొట్టు మొన్న మేం పెట్టిందే నాయనా" అన్నాడు సోమేశ్వరరావు.

రోహిత్ అక్కడికక్కడే గ్రూపులో ఓటింగ్ పెట్టాడు. కమాండర్, అమ్మవారు, తెలియదు అని మూడు. ఎవరో నాలుగోది చేర్చారు, పార్కింగ్ అని. పది నిమిషాల్లో పార్కింగ్ గెలిచింది.

పార్కింగ్ మాట రాగానే విశ్వేశ్వరరావు ప్లాను తెప్పించి బల్ల మీద పరిచాడు. రోడ్డు తిన్నగా వస్తే రాయితో పాటు విజిటర్ల పార్కింగు, బ్యాడ్మింటన్ కోర్టు, ఆయన ఫ్లాటు కింది తోట పోతాయి. అటు తిరిగితే అన్నీ ఉంటాయి. ఆయన కాసేపు గడ్డం రుద్దుకున్నాడు.

"నాకు తెలిసి గది పోచమ్మనే" అన్నాడు. "చీర కూడ ఉండె గదా. సోమేశ్వరరావు గారూ, టిక్కు పెట్టుండ్రి. వాడు చీర కట్టుకోని ఉంటే మా తాత ఆత్మ గూడ శాంతిస్తది."

అందరూ నవ్వారు. సోమేశ్వరరావు నవ్వలేదు. బందిపోటా, దేశభక్తుడా అని అరగంట కొట్టుకున్న వాళ్లందరూ చివరికి ఒక్క మాట మీదకు రావడానికి బ్యాడ్మింటన్ కోర్టు కావలసి వచ్చింది. పోనీ వచ్చారు కదా, తాను టిక్కు పెట్టేస్తే రాజమ్మ తండ్రి సమాధి దక్కుతుంది. పెట్టడానికి చేయి రావడం లేదు. దేవుడు కానివాణ్ణి దేవుడని సంతకం పెట్టడం ఆయన లెక్కలో చిన్న తప్పు కాదు. పైగా చచ్చిపోయిన మనిషి ఒప్పుకోని మాట ఆయన పేరు మీద రాయడం. నిజం రాస్తే ఆ రాజమ్మ కన్నతండ్రి మీద నుంచి రేపటి నుంచి లారీలు పోతాయి.

ఇంటికొచ్చి భ్రమరాంబతో చెప్పాడు. "ఆయన మనుషుల్ని చంపాడేమో కూడా. అలాంటి వాడికి ప్రార్థనా స్థలమని ఎలా రాయను?"

భ్రమరాంబ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. "మన పూజగదిలో పటాలు ఒకసారి చూసిరండి. చేతిలో కత్తో, శూలమో, విల్లో లేనివాళ్లు ఎందరున్నారో లెక్కపెట్టి చెప్పండి."

చూసి రావడానికి ఆయన వెళ్లలేదు. తెలుసు.

సోమవారం పొద్దున కాగితం జేబులో పెట్టుకుని ఖాజాగూడ పాత ఊళ్లో రాజమ్మ ఇంటికి వెళ్లాడు. రెండు గదుల రేకుల ఇల్లు, వెనకాల ఇరవై అంతస్తుల గోడ. అప్పటికే ఓంకార్ వచ్చి మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన చేతిలోనూ ఒక కాగితముంది.

"మా పార్టీ తీర్మానం సార్" అన్నాడు. "అది అమరుని స్మారకమని మేం రాసిస్తున్నం. రాయిని ఇచ్చేస్తమన్నరట గదా. బోరబండల మా ఆఫీసు ముందర నిలబెడతం. పేరన్న బతుకుతది. మీరు పోచమ్మ అని రాస్తే ఇంక ఆయన ఉండడు సార్. చచ్చినంక గూడ చంపినట్టు."

"రాయి తీస్కపో ఓంకారూ" అంది రాజమ్మ, పొయ్యి దగ్గర నుంచి. "కింద ఉన్న మా అయ్యను గూడ తీస్కపోతవా?"

ఓంకార్ చేతిలోని కాగితం వైపు చూసుకున్నాడు.

"నాకు రాయితోని ఏం పని? తొవ్వుతరట గదా. మా అయ్య ముఖం నేను చూడలె. ఫోటో లేదు. గా జాగ ఒక్కటే ఉన్నది నాకు, ఈడ ఉన్నడు అని చూపెట్టుకోనీకి."

సోమేశ్వరరావు గుమ్మం దగ్గర పీట మీద కూర్చున్నాడు. అడగాలనుకున్నది అడిగేశాడు. "అమ్మా, ఏమనుకోకు. మీ నాన్నగారు మనుషుల్ని చంపారా?"

"చంపిండనే అంటరు. కొందరు ఇద్దరంటరు, కొందరు ఇరవై అంటరు. మా అమ్మను అడిగితే పొయ్యిల కట్టె ఎగదోసేది. చెప్పేది కాదు." రాజమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంది. "ఒక్కటి మాత్రం చెప్పింది. పాణం పోయే ముందుగాల అమ్మను పిలిచి అన్నడట. నన్ను ఈడనే పెట్టుండ్రి, మీదికెల్లి రాయి పెట్టి పసుపు పుయ్యుండ్రి, వేపకొమ్మ గుచ్చుండ్రి. పోలీసోళ్లు పీనుగలను తవ్వి ఫోటోలు తీస్తున్నరు, పోచమ్మ అంటే ముట్టరు అని."

ఓంకార్ మంచం మీద నుంచి లేచాడు. "ఈ మాట ఎన్నడు చెప్పలే గదా అక్కా."

"నువ్వెప్పుడు అడిగినవు? ఏటేటా వచ్చి నువ్వే మాట్లాడిపోతవు. మైకు నీ చేతులనే ఉంటది."

"నలభై ఏండ్ల సంది ఆ పసుపు నేనే కడుగుతున్న."

"కడిగి పోతవు, మళ్ల నేను పెడుత. అయ్య చెప్పిన పని గదా."

సోమేశ్వరరావు రాజమ్మ ముఖంలోకి చూశాడు. ఆ మాట నిజంగా తల్లి చెప్పిందా, లేక పొయ్యి దగ్గర కూర్చుని ఇప్పుడే కల్పించిందా ఆయనకు అంతుపట్టలేదు. గాయాలతో పడి ఉన్న మనిషి అంత ఆలోచన చేస్తాడా? కమాండర్ అన్నవాడు చేస్తాడేమో. ఇంకోసారి అడిగితే తేలేదే. ఆయన అడగలేదు. తేలకపోతేనే మంచిదనిపించింది, అలా అనిపించినందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది.

ఓంకార్ తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకున్నాడు. "కమాండర్ ఆర్డర్ అయితే నేనేమంట?" అన్నాడు చివరికి. "గానీ సార్, నేను మాత్రం ఆడ చెప్పులు ఇడవను."

సోమేశ్వరరావు మోకాలి మీద కాగితం పెట్టుకున్నాడు. ప్రార్థనా స్థలమా? అక్కడ రెండేళ్లు ప్రార్థన చేసింది తానే. భార్య ప్రాణం కోసం చేసిన ప్రార్థన. అది అబద్ధం కాదు, ఎక్కడైనా సంతకం పెట్టగలడు. టిక్కు పెట్టాడు. దాని కింద దేవత పేరు అని ఒక గీత ఉంది. అక్కడ పెన్ను ఆగింది. తర్వాత, గుండ్రటి అక్షరాలతో, బుచ్చిరాములు అని రాశాడు.

ఇంజనీరు దాన్ని చదివి తల ఎత్తకుండానే ముందు శ్రీ చేర్చాడు.

"ఆడదేవతా, మగదేవతాండీ?"

"అది ఇంకా తేలలేదు" అన్నాడు సోమేశ్వరరావు.

"పర్లేదు, గ్రామదేవతలే కదా" అని ఇంజనీరు సంతకం పెట్టేశాడు. వారం తిరక్కుండా రోడ్డు గీత అటు తిరిగింది.

ప్రార్థనా స్థలమని రాసిచ్చాక ప్రార్థనా స్థలంలా ఉంచాలన్నారు సంఘం వాళ్లు. మళ్లీ ఎవరైనా వచ్చి తనిఖీ చేస్తేనో? రాతి చుట్టూ టైల్స్ వేయించి స్టీలు గ్రిల్లు పెట్టించారు. శ్రీ బుచ్చిరాములు దేవస్థానం అని బోర్డు రాయించారు. ఒక కుర్ర పూజారిని కుదిర్చారు. కొత్త ఫ్లాట్లు చూడ్డానికి వచ్చే వాళ్లకు, ఇక్కడ మొక్కితే రిపోర్టులు మంచివి వస్తాయని వాచ్‌మన్ చెప్పడం మొదలుపెట్టాడు. ఆ కథ ఎక్కడ పుట్టిందో సోమేశ్వరరావుకు తెలుసు, అందుకే ఏమీ అనలేకపోయాడు. రెండు నెలల్లో నలుగురైదుగురు చీరలు పెట్టారు, ఒకరు మీసాలు చేయించారు.

ఆషాఢం వచ్చింది. గుడి అన్నాక బోనాలు తప్పవు. తొలి బోనం పెద్దింటి నుంచి వెళ్లాలని పద్ధతి చెప్పింది విశ్వేశ్వరరావే. చెప్పాక గానీ ఆ పెద్దిల్లు తనదేనని ఆయనకు తట్టలేదు. వెనక్కి తీసుకోవడానికి లేకపోయింది. ఆదివారం మధ్యాహ్నం, వాన జాడ లేని ఎండలో, గడిలో పత్రాలు కాలబెట్టిన వాడి దగ్గరికి గడి దొర మనవడు చెప్పుల్లేకుండా, చేతిలో కొబ్బరికాయతో, డప్పుల వెనక నడిచి వచ్చాడు. ఆయన భార్య నెత్తిన బోనం. వెనక సగం టవర్స్. పక్కగా, చెప్పులతో, జెండా పట్టుకుని ఓంకార్.

గ్రిల్లు దగ్గరికి వచ్చేసరికి రాజమ్మ అక్కడుంది. పాత కుండకు పసుపు రాసి, అందులో అన్నం వండి తెచ్చుకుంది. పూజారి లోపలి నుంచి చెయ్యి అడ్డం పెడుతున్నాడు.

"అమ్మా, లోపలికి రాకూడదు. అక్కడే పెట్టు. ముట్టుకోకుండా దూరం నుంచి దణ్ణం పెట్టుకో."

రాజమ్మ గొడవపడలేదు. కుండ చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. దూరం నుంచి ఎక్కడ చూడాలో తెలియనట్టు గ్రిల్లు కమ్మీల మధ్య వెతుక్కుంటోంది.

ఆ గ్రిల్లు పెట్టించిన తీర్మానం సోమేశ్వరరావు చేతిరాతే. తండ్రిని దక్కించానని ఇన్ని నెలలు లోలోపల మురిసిపోయాడు. దక్కించి, కూతురికి లేకుండా చేశాడు. ఆయన గ్రిల్లు తలుపు పూర్తిగా తెరిచి పూజారిని భుజం పట్టి పిలిచాడు.

"మీరు కాసేపు బయటికి రండి."

"పూజ మధ్యలో ఎలాగండీ?"

"రండి చెబుతాను."

పూజారి బయటికొచ్చాడు. రాజమ్మ లోపలికి వెళ్లింది. దణ్ణం పెట్టలేదు, హారతి ఇవ్వలేదు. కుండ రాతి ముందు దించి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా కింద కూలబడి, కాళ్లు చాపి, వీపు రాతికి ఆనించింది. చీర కొంగులు, వెండికళ్లు, మీసాలు అన్నీ ఆమె తల వెనక నలిగిపోయాయి. ఏదో అంటోంది, డప్పుల్లో వినబడలేదు. సోమేశ్వరరావు చెయ్యెత్తితే డప్పులు ఆగాయి. ఆగాక కూడా వినబడలేదు, అంత మెల్లగా మాట్లాడుతోంది.

విశ్వేశ్వరరావు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. "ఏంది సోమేశ్వరరావు గారూ, గిట్ల ఆపిండ్రు? కాళ్లు కాలుతున్నయి. ఆమెను లెవ్వమనుండ్రి."

"కూతురు పుట్టింటికి వచ్చిందండి" అన్నాడు సోమేశ్వరరావు. "లేవమనడానికి మనమెవరం? ఆవిడ లేచాక వెళదాం."

విశ్వేశ్వరరావు లోపలికి చూశాడు. రాజమ్మ మాటలు ఆగిపోయాయి. తల ఒక పక్కకు వాలింది.

"నిద్రపోయిందా ఏంది?"

"పుట్టింట్లో కాక ఇంకెక్కడ నిద్రపోతుందండీ" అంది భ్రమరాంబ.

దొర మనవడు కొబ్బరికాయను ఆ చేతిలో నుంచి ఈ చేతిలోకి మార్చుకుని, అలాగే ఎండలో నిలబడ్డాడు.